వెనక బెంచీ మాట

ఫోకువో వేసిన కమాను కట్టల గురించి సువామేలో ఒక కథ చెప్పుకునేవాళ్ళు. ఆయన కట్టలు వేసిన బస్సొకటి తెచిమాన్ రోడ్డు మీద ఒక గుంతలోంచి పోయిందట. ఆ గుంతలో ఒక మేక పిల్లల్ని వేసుకుని పడుకుని ఉందట. బస్సు పోయింది. మేక నిద్ర లేవలేదు, మేకపిల్లలు లేవలేదు, బస్సులో కునుకు తీస్తున్న పాస్టరుగారూ లేవలేదు. మరి మేక చక్రం కింద పడకుండా ఎలా బతికిందని అడిగినవాణ్ణి ఆ తర్వాత ఎవరూ కూర్చోమని కూడా అనేవారు కాదు.

కుమాసీ ఊరికి ఉత్తరాన, ఇనుము తప్ప ఇంకేదీ పండని చోటు సువామే. చచ్చిన లారీ అక్కడికొస్తే మూడు బండ్లుగా పుట్టి బయటికెళుతుంది. అక్కడ ఇంజన్ల వాళ్ళకి ఒక వీధి, తలుపుల వాళ్ళకి ఒక వీధి. యావ్ ఫోకువోది కమాను కట్టల వీధి. బండికి ఛాసీ వెన్నెముక అయితే, ఆ వెన్నెముకకీ చక్రాలకీ మధ్య నిలబడి రోడ్డు తిట్టే తిట్లన్నీ తాను పడేది కమాను కట్ట. ఆకులనే ఉక్కు పట్టీల దొంతర అది. పొడుగు ఆకు పైన, దాని కింద పొట్టిది, దాని కింద ఇంకా పొట్టిది. ఆకులు ఎక్కువ వేస్తే బండి ఎంత బరువైనా మోస్తుంది, కానీ రాయిలా కొడుతుంది. తక్కువ వేస్తే పరుపులా ఉంటుంది, కానీ మలుపులో తాగినవాడిలా తూలుతుంది. ఎక్కడ ఆపాలో తెలియడమే విద్య. ఆ విద్యలో సగం ఫోకువో చేతిలో ఉండేది, మిగతా సగం ఆయన భార్య బిరాగో నడుములో ఉండేది.

బండి ఎలా ఉందో డ్రైవరు సీట్లో కూర్చుంటే తెలియదని ఫోకువో సిద్ధాంతం. డ్రైవరుకి గుంత ముందే కనిపిస్తుంది, ఒళ్ళు ముందే బిగబట్టుకుంటాడు. వెనక ఇరుసు మీదుండే బెంచీయే అసలైన చోటు. అది చర్చిలో పాపాలు ఒప్పుకునే గది లాంటిది. బండి చేసిన తప్పులన్నీ అక్కడే బయటపడతాయి. అందుకని ప్రతి బండినీ యజమానికి అప్పగించే ముందు ఫోకువో నడిపేవాడు, బిరాగో ఒళ్ళో నీళ్ళ గిన్నె పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చునేది. సువామే రౌండెబౌట్ దాకా వెళ్ళి, దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవాళ్ళు. దారి పొడుగునా ఆవిడ అరుస్తూనే ఉండేది.

"ఏమయ్యో, ఇది కూర్చోనివ్వట్లేదు, ఎగరేస్తోంది. ఒక ఆకు తీసెయ్!"

"మలుపు తిరిగినప్పుడల్లా నన్ను కిటికీకిచ్చి పెళ్ళి చేస్తోంది. ఆ తీసిన ఆకు మళ్ళీ పెట్టు!"

"ఎడమ వెనక ఏదో కొరుకుతోందయ్యో!"

గిన్నెలో నీళ్ళు తొణకకుండా, కిటికీకి తల తగలకుండా తిరిగొచ్చిన రోజు ఏమీ మాట్లాడేది కాదు. బిరాగో నోరు మూసుకుందంటే ఆ బండి ఇంక దేశమంతా తిరగొచ్చు.

కిందటేడు వానలు మొదలవుతుండగా ఆవిడ నోరు పూర్తిగా మూసుకుంది.

ఆ తర్వాత ఫోకువో వెనక బెంచీ మీద ఇసుక మూటలు పెట్టడం మొదలుపెట్టాడు. ఇసుక మూటలు మహా మర్యాదస్తులు. ఎంత ఎగరేసినా ఏమీ అనవు, కిటికీకేసి కొట్టినా నవ్వుతూ ఊరుకుంటాయి. ఎవరూ ఏమీ అనకపోయేసరికి ఎందుకైనా మంచిదని ప్రతి కట్టకీ ఒక ఆకు అదనంగా వేస్తూ వచ్చాడు. కట్ట విరగడమొక్కటే తప్పు, మిగతావన్నీ సర్దుకుపోవచ్చని ఆయన లెక్క. డ్రైవర్లు మొదట మొహమాటపడ్డారు, తర్వాత ఆ మొహమాటం మానేశారు.

"తాతా, నీ కట్టలు వేయించాక మా బస్సెక్కిన ఒక ముసలమ్మ వయసు మర్చిపోయింది" అన్నాడొక డ్రైవరు.

"మంచిదేగా."

"పేరు కూడా మర్చిపోయింది తాతా. ఎక్కడ దించాలో తెలీక ఇంకా తిప్పుతున్నాను."

ఇంట్లో కూడా అంతే. ఉడికించిన దుంపల్ని ఫుఫు ముద్దగా దంచాలంటే ఇద్దరు కావాలి. ఒకరు రోకలి వెయ్యాలి, రెండోవారు రోకలి లేచినప్పుడల్లా ముద్దని చేత్తో తిప్పాలి. ఒక్కడే దంచి ఒక్కడే తిప్పబోయి ఫోకువో ఒకసారి వేళ్ళు నలగ్గొట్టుకున్నాడు. ఆ రోజు నుంచి రోలు బోర్లించేసి, వీధి చివర ఆకుల్లో చుట్టి అమ్మే మొక్కజొన్న ముద్ద, కెంకే, కొనుక్కుని, మిరపకాయ నూరుకుని, గోడకేసి చూస్తూ తింటున్నాడు. కెంకేకి ఒక్కడు చాలు.

ఏడాది తిరగబోతోంది. ఆ వేళకి ఫోకువో కట్టుకున్న నల్లబట్ట తీసెయ్యాలి. కానీ అది తనంతట తాను తీసేది కాదు. తల్లి వైపు ఇంటి పెద్దావిడ వచ్చి, నల్లది తీసి భుజం మీద తెల్లబట్ట వెయ్యాలి. ఆయన తల్లి వైపు మిగిలింది ఒక్క అక్క, తివా. అకొమదాన్ దగ్గర టమాటా తోటల్లో ఉంటుంది. ఆవిడ రాకపోతే ఇంకో ఏడాది నల్లబట్టే, ఇంకో ఏడాది ఇది దుఃఖం ఉన్న ఇల్లే. అలాంటి ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళు గొంతు తగ్గించుకుంటారు, లోపలికొచ్చి నవ్వరు. ఒక ఏడాది పాటు తన వాకిట్లో అందరూ గుసగుసగా మాట్లాడితే ఎలా ఉంటుందో ఫోకువోకి తెలుసు. ఇంకో ఏడాది ఆయన వల్ల కాదు.

ఫోను చేశాడు.

"అక్కా, ఆదివారానికి..."

"రాను."

"ముందు వినవే."

"నీ పెళ్ళాం పోయిన నలభయ్యో రోజుకి ఏ బస్సులో వచ్చాన్రా నేను? నీ కట్టలేసిన బస్సులోనే. దిగేసరికి నేనొక ఊళ్ళో, నా నడుం ఇంకో ఊళ్ళో. ఇప్పటికీ వంగి మిరపకాయ కొయ్యలేను."

"ఈసారి నేనే బండి తెస్తాను. మన బండి. నీ పీట మీద కూర్చున్నట్టే ఉంటుంది."

తివా పీట అంటే మాటలు కాదు. తల్లి చెక్కించిన పీట అది. ఆవిడ ఇంకో చోట కూర్చోదు, ఆ పీట మీద ఇంకొకర్ని కూర్చోనివ్వదు.

"పీట మీద కూర్చున్నట్టేనా?"

"ఒట్టు."

"లేకపోతే?"

"లేకపోతే దిగిపో."

"దిగిపోతాన్రోయ్. నా సంగతి నీకు తెలుసు."

తెలుసు. చిన్నప్పుడు తీర్థానికి పోతూ తండ్రి మీద అలిగి, నడిచే లారీలోంచి దిగిన మనిషి.

సొంత బండి అంటే పెరట్లో ఉన్న పాత బస్సు. పద్దెనిమిది మందికి వేసిన బెంచీలు. వెనక అద్దం కింద బిరాగో రాయించిన మాట: తొందరేముంది. ఆవిడ పోయాక అది కదల్లేదు. కోళ్ళు వెనక బెంచీ ఎక్కి గుడ్లు పెడుతున్నాయి. ఫోకువో కోళ్ళని ఖాళీ చేయించి, బండిని దిమ్మల మీదికి ఎత్తి, వెనక కట్టలు విప్పి, సగం ఆకులు బయటికి లాగాడు.

పక్క కొట్లో వెల్డింగు చేసే బెదియాకో నల్లద్దం పైకెత్తి చూశాడు. "ఏంటి పెద్దాయనా, బండిని ఉపవాసం పెడుతున్నావు?"

"అక్కయ్యని తేవాలి. ఒక్క మనిషి. ఒక్క మనిషికి ఇన్ని ఆకులెందుకు?"

"ఎత్తు బండి కదా. మలుపులో చక్రాలు ఒక దారి పోతాయి, పైనున్న ఇల్లు ఇంకో దారి పోతుంది."

"నువ్వొచ్చి వెనక కూర్చో. ఒక చుట్టు వేద్దాం."

"రేపు, పెద్దాయనా. ఈ లారీ నడుం రెండు ముక్కలై ఉంది చూడు."

బ్యాటరీల వాణ్ణి అడిగాడు. రేపన్నాడు. బస్సుల వెనక మాటలు రాసే పెయింటర్ని అడిగాడు. అతనూ రేపన్నాడు. కుదరదని ఒక్కరూ అనలేదు, ఒక్కరూ రాలేదు. దుఃఖం ఉన్న ఇంటి బండిలో ఒళ్ళో గిన్నె పెట్టుకుని కూర్చోవడం ఎవరికైనా ఇబ్బందే. చివరికి ఇసుక మూట ఒకటి వెనక పెట్టి, దాని పక్కన బిరాగో గిన్నెలో నీళ్ళు పోసి, వీధి ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా నడిపాడు. నీళ్ళు ఒక్క చుక్క తొణకలేదు. రౌండెబౌట్ దాకా వెళ్ళలేదు. ఏడాదిగా ఏ బండినీ అక్కడిదాకా తీసుకెళ్ళడం లేదు. ఆ చుట్టు తిరుగుతుంటే వెనక నుంచి అరుపు రాకపోవడం ఆయనకి పడదు.

శనివారం పొద్దున్నే అకొమదాన్ చేరాడు. తివా ముదురు రంగు బట్ట కట్టుకుని, చేతికర్ర, పీట, టమాటా బుట్ట పట్టుకుని గుమ్మంలో సిద్ధంగా ఉంది. ముందు సీటు చూపిస్తే తల అడ్డంగా ఊపింది.

"ముందు కూర్చుంటే నీ డ్రైవింగు కనిపిస్తుంది. వద్దు." నేరుగా వెళ్ళి వెనక బెంచీ మీద పీట వేసుకుని కూర్చుంది.

మొదట అంతా బాగుంది. రోడ్డు తిన్నగా ఉంది. గుంతల మీద బండి పిల్లి నడకలా సాగింది.

"ఒరేయ్ యావ్!"

"ఏంటక్కా?"

"నిజంగానే పీటలా ఉందిరా."

ఫోకువో ఏడాదిలో మొదటిసారి ఈలవేశాడు. ఎన్కెన్కాసు దాటేదాకా వేస్తూనే ఉన్నాడు. అక్కడ మలుపులు మొదలయ్యాయి.

మొదటి మలుపులో బండి కుడికి తిరిగింది, తివా ఎడమకి తిరిగింది. బండి సర్దుకునేలోపు రెండో మలుపు వచ్చింది. ఈసారి పీట కూడా బయల్దేరింది. బ్రేకు వేస్తే బండి ముక్కు పూజలో మోకరిల్లినట్టు వంగింది, వదిలితే ఆమెన్ అన్నట్టు లేచింది. ఎగిరింది చాలు, ఇంక కూర్చో అని బండికి చెప్పాల్సినవి షాకబ్జర్లు. అవి ఏడాదిగా కోళ్ళ కింద పడుకుని ఉన్నాయి. టమాటాలు ఒకదాన్నొకటి తరుముకుంటూ డ్రైవరు కాళ్ళ కిందికి వచ్చాయి.

"ఆపరా! పడవ ఎక్కించావురా నన్ను! నేను అకొమదాన్ దాన్నిరా, చేపలు పట్టేదాన్ని కాదు!"

అబొఫూర్ లో ఆపాడు. తివా దిగి, రోడ్డు పక్క కాలువలో పొద్దున తిన్నదంతా కక్కి, నోరు కడుక్కుని, అడవి మాంసం కాల్చే కొట్టు నీడలో పీట వేసుకుంది.

"దిగిపోతానన్నాను. దిగాను."

ఫోకువో బండి వెనక్కి నడిచాడు. తీసిన ఆకులు బెంచీల కింద ఉన్నాయి. సువామేలో కాపలా లేని ఇనుముకి కాళ్ళొస్తాయి కాబట్టి వెంట తెచ్చుకున్నాడు. జాకీ వేసి, నల్లచొక్కాతోనే బండి కిందికి దూరాడు. నీడ కొట్టు దాటి రోడ్డు మీదికొచ్చేదాకా లోపలే ఉన్నాడు. బయట మాంసం కొట్టువాడితో అక్క తన నడుం కథ చెబుతుండటం, కొట్టువాడు అయ్యో అయ్యో అనడం వినిపిస్తూనే ఉంది.

"ఇప్పుడు తూలదక్కా. ఎక్కు."

తూలలేదు. కొట్టింది. పద్దెనిమిది మంది కోసం బిగించిన కట్ట, ఒక్క ముసలమ్మ బరువుకి వంగనంది. చక్రం కింద చిన్న రాయి పడితే ఆ రాయి సంగతి నేరుగా తివా నడుముకి చెప్పింది. ఊరి చివర కూడా రాలేదు, చేతికర్ర పైకప్పు మీద దబదబ మోగింది.

"నీ ఇనుము నీ దగ్గరే ఉంచుకో. ఎదురొచ్చే బస్సెక్కి నేను వెనక్కి పోతాను."

ఫోకువో బండి ఆపి దిగాడు. ఆకులు తీస్తే తూలుతుంది, వేస్తే కొడుతుంది. రోడ్డు మీద నిలబడి నూనె చేతులు నల్లచొక్కాకి తుడుచుకున్నాడు. తుడుచుకున్నా ఆ చొక్కా మీద ఏమీ కనిపించలేదు.

"అక్కా, ఇవి పద్దెనిమిది మందికి వేసిన కట్టలు. వెనక నువ్వొక్కదానివే ఉన్నావు. అవి ఏం చేస్తాయి?"

"అయితే పద్దెనిమిది మందిని ఎక్కించు. నేను ఆపానా?"

"ఇది నీకోసం తెచ్చిన బండి. అద్దెకి తిప్పేది కాదు."

"ఎవరడిగార్రా నిన్ను అద్దె? పొద్దుట్నుంచీ నీ వీపు చూస్తూ కూర్చున్నాను. మాట లేదు, మంచి లేదు. మధ్యలో ఈల ఒకటి. అదిగో, పిలువు వాళ్ళని."

ఎరుపూ నలుపూ కట్టుకున్న ఆడవాళ్ళు కొందరు చెట్టు కింద నిలబడి ఉన్నారు. పొద్దున ఎక్కడో చావింట్లో పాటలు పాడి తిరిగి పోతున్న జట్టు. శనివారం కాబట్టి పోయే బస్సులన్నీ చావులకి వెళ్ళొచ్చేవాళ్ళతో కిక్కిరిసి, ఆగకుండా పోతున్నాయి. వాళ్ళకి పెద్ద అయిన లావుపాటి దుఫీ, ఫోకువో చెయ్యెత్తక ముందే నడిచి వచ్చేసింది.

"ఎక్కడికి పెద్దాయనా?"

"సువామే."

"మమ్మల్ని ఎక్కించుకుంటావా, లేకపోతే మేమే నీ బండిని నెత్తిన పెట్టుకుని రమ్మంటావా?"

"ఎక్కండి. కానీ అందరూ వెనక్కి. వెనక నిండాలి."

"విన్నారా? జీవితంలో మొదటిసారి ఒక డ్రైవరు బరువున్నవాళ్ళు కావాలంటున్నాడు!"

ఒక్కొక్కరే ఎక్కారు. దుఫీ ఎక్కినప్పుడు బండి రెండుసార్లు ఆలోచించింది. ఫోకువో చక్రం పక్కన గొంతుక్కూర్చుని కట్టనే చూస్తున్నాడు. ధనుస్సులా బిగుసుకుని ఉన్న ఆకులు ఒక్కో మనిషికీ ఒక్కో వేలు దిగి, చివరికి చాచిన అరచెయ్యిలా తిన్నగా నిలబడ్డాయి. ఎన్నో బండ్లకి ఎన్నో కట్టలు వేశాడు గానీ, ఒక్క మనిషి కోసం ఎప్పుడూ వెయ్యలేదు. అలాంటి కట్ట ఆయనకి తెలియదు.

బండి కదిలింది. గుంత వస్తే ఆకులు వంగి మింగేస్తున్నాయి. బరువుతో కూర్చున్న బండి ఎగరడం లేదు. మలుపు వస్తే అన్ని ఆకులూ కలిసి నిలబెడుతున్నాయి. వెనక అరగంటలో తివా అందరి పిల్లల పేర్లూ, అందరి రోగాలూ తెలుసుకుంది.

"పెద్దాయనా, నల్లబట్ట ఎవరికి?" అని దుఫీ అరిచింది.

"నా భార్యకి. రేపటికి ఏడాది."

"పేరు?"

"బిరాగో."

వాళ్ళు పొద్దున పాడిన పాటే ఎత్తుకుని, పొద్దున సాగనంపినవాడి పేరున్న చోట బిరాగో పేరు పెట్టి పాడారు. పాట వెనక బెంచీ మీద మొదలై, కిటికీల్లోంచి బయటికి పోతోంది. డ్రైవరు సీటు దాకా సగమే వస్తోంది. ఫోకువో అద్దంలో చూశాడు. వెనకంతా ఎరుపూ నలుపూ. మధ్యలో అక్క నోరు కదులుతోంది. ఆయన పక్క సీటు ఖాళీగా ఉంది.

ఓఫిన్సోలో కొందరు దిగారు. బండి ఒక వేలు లేచింది. తర్వాత ఊళ్ళో ఇంకొందరు దిగారు. కిటికీ ఒకటి గడగడలాడటం మొదలుపెట్టింది. జట్టు పల్చబడేకొద్దీ పాట పల్చబడింది, పాటతో పాటే బండి గట్టిపడింది. చివరికి దుఫీ దిగి, కిటికీలోంచి తివా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నడుం జాగ్రత్త" అంది. ఆవిడ దిగగానే బండి నిట్టూర్చినట్టు పైకి లేచింది.

ఇంక ఇద్దరే. సువామే కనిపిస్తోంది. బండి మళ్ళీ రాయిలా కొడుతోంది. ఫోకువో మెడ బిగబట్టుకుని పైకప్పు మీద చేతికర్ర చప్పుడు కోసం చూస్తున్నాడు. ఇక్కడ దిగిపోతే, గుమ్మం దాకా వచ్చి దిగిపోయినట్టే. రౌండెబౌట్ వచ్చింది. తప్పించుకునే దారి లేదు. తిప్పాడు.

"ఒరేయ్! ఎడమ వెనక ఏదో కొరుకుతోందిరా!"

ఫోకువో రౌండెబౌట్ మధ్యలోనే బ్రేకు వేశాడు. వెనక లారీలన్నీ హారన్లు మోగించాయి. ఒక డ్రైవరు ఆయన తల్లిని తలుచుకున్నాడు.

"ఏమైందిరా? ఎందుకాపావు?"

"ఇంకోసారి చెప్పక్కా."

"ఎడమ వెనక. కొరుకుతోంది. చెవుడా నీకు?"

"దిగిపోతావా?"

"ఇంతదాకా వచ్చి దిగి, ఈ పీట నెత్తిన పెట్టుకుని నడవనా? పద. పోయి అది బిగించు."

నిజమే. అబొఫూర్ లో ఎడమ వైపు కట్టని ఇరుసుకి పట్టి ఉంచే యూ-బోల్టుకి ఒక నట్టు సగమే బిగించాడు. ఏడాది పాటు ఇసుక మూట ఏ ఒక్క నట్టు గురించీ చెప్పలేదు.

ఆదివారం పొద్దున తివా వాకిట్లో పీట మీద కూర్చుని తమ్ముణ్ణి ముందు నిలబెట్టుకుంది. నల్లబట్ట తీసి తెల్లది భుజం మీద వేసింది. బెదియాకో, బ్యాటరీల వాడు, పెయింటరు అందరూ వచ్చారు, మామూలు గొంతుతో మాట్లాడారు. రోలు తిరగేస్తే కింద సాలీడు కాపురం ఉంది. ఆయన రోకలి వేశాడు, అక్క ముద్ద తిప్పింది. "నా వేళ్ళు నీ కట్టలనుకున్నావా, చూసి కొట్టు!" అన్న అరుపు రెండు వీధులకి వినిపించింది.

సోమవారం బండి నిండా జనాన్ని ఎక్కించుకుని అక్కని దించి వచ్చాడు. ఉండిపొమ్మని ఆయన అడగలేదు, ఉంటానని ఆవిడ అనలేదు. టమాటాలకి నీళ్ళెవరు పెడతారు?

తిరుగు దారిలో బండి ఖాళీ. అబొఫూర్ దాకా గడగడా ఎగురుతూ వచ్చింది. మాంసం కొట్టు దగ్గర ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి, ఎప్పుడూ చెయ్యని పని కాబట్టి కాస్త సిగ్గుపడుతూ, "సువామే, సువామే" అని పిలిచాడు. ఎక్కినవాళ్ళని వెనక్కి పంపాడు. బుట్టతో ఒకావిడ వెనక బెంచీ మీద కూర్చుంది.

"అమ్మా, వెనక ఎలా ఉంది?" అని కొంతదూరం పోయాక అరిచాడు.

ఏ డ్రైవరూ అడగని ప్రశ్న కాబట్టి ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. "ఏంటి?"

"ఎలా ఉందీ అని. కొడుతోందా?"

"కొంచెం కొడుతోంది తాతా. కుడివైపు."

"ఇంకా చెప్పు" అన్నాడు ఫోకువో.

ఆవిడ చెప్పింది. రౌండెబౌట్ ముందు దిగిపోయేదాకా చెబుతూనే ఉంది. దిగగానే బండి ఒక వేలు పైకి లేచింది. మిగిలిన దారి కొంచెమే. మెల్లగా నడిపాడు.